చింతగింజలతో లెక్క: పోకెమాన్ కార్డుల ఆటలో అటాక్ ఎలా చేయాలి

ఎండాకాలం సెలవులకు మా అక్క కొడుకు పాలమూరు నుంచి నల్లగొండ వచ్చాడు. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా వచ్చిన బస్సులో ఒడిలోంచి దించకుండా తెచ్చుకున్నది ఒక్కటే, రబ్బరు బ్యాండు వేసిన పోకెమాన్ కార్డుల కట్ట. సంచి ఇంట్లో పెట్టకముందే పక్కింటి పిల్లలతో అరుగు మీద ఆట మొదలైంది. ఒక్కొక్కరు ఒక్కో కార్డు బోర్లా వేస్తారు, అందరూ ఒకేసారి తిప్పుతారు, ఎవరి కార్డు మీద హెచ్‌పీ అంకె (అంటే ఆ పోకెమాన్ ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పేది) పెద్దదో వాళ్లు అన్నీ ఊడ్చుకుంటారు. అంతే ఆట.

నన్నూ కూర్చోబెట్టారు. "మామా, నాది మూడొందల ముప్పై. నీది నలభై. నువ్వు ఓడిపోయినవ్ పో," అన్నాడు అల్లుడు.

మీ ఇంట్లో పిల్లలు ఆడేది కూడా బహుశా ఇదే అయి ఉంటుంది. తప్పేం లేదు, కానీ కార్డు మీద పైన ఉన్న ఒక్క అంకె తప్ప కిందదంతా ఎవరూ చదవడం లేదన్నమాట. అసలు కొట్లాట అంతా ఆ కింది సగంలోనే ఉంది. అది ఎలా ఆడాలో ఇక్కడ చెబుతాను. మీరు పిల్లలకు నేర్పడానికైనా సరే, మీరే ఆడడానికైనా సరే.

ముందు ఏం కావాలి

ఒక్కొక్కరికి సరిగ్గా 60 కార్డుల కట్ట. అందులో కొట్లాడే పోకెమాన్లు, వాటికి బలమిచ్చే ఎనర్జీ కార్డులు, ఆటలో సాయపడే ట్రైనర్ కార్డులు మూడూ ఉండాలి. పిల్లల కట్టల్లో సాధారణంగా లేనిది ఎనర్జీయే. మెరిసే బొమ్మ లేదని వాటిని ఎక్కడో పారేస్తారు. అవి లేకపోతే ఒక్క దెబ్బ కూడా పడదు. ఫ్యాన్సీ షాపులో చిల్లరకు దొరికే నకిలీ కార్డులతో నేర్చుకోవచ్చు, కానీ వాటి మీద హెచ్‌పీ, అటాక్ అంకెలు ఇష్టం వచ్చినట్టు అచ్చేసి ఉంటాయి. అందుకే లెక్క కుదరకపోతే తప్పు మీదేనని కంగారు పడకండి.

దెబ్బల లెక్కకు చింతగింజలు తెచ్చుకోండి. ఒక గింజ అంటే 10 డ్యామేజ్. పెద్ద కార్డులతో ఆడితే గింజలు కుప్ప పడతాయి, కాబట్టి వందకు ఒక గవ్వ పెట్టుకోండి. బొమ్మా బొరుసుకు రూపాయి బిళ్ల చాలు. బత్తాయిలు తింటూ మాత్రం ఆడకండి. ఆ జిగట చేతులతో కార్డు పట్టుకుంటే మరుసటి రోజుకు కట్ట కట్టంతా అతుక్కుపోతుంది. మా ఇంట్లో అదీ అయింది.

కట్ట కలిపి ఏడు కార్డులు తీసుకోవాలి. చేతిలో ఉన్న బేసిక్ పోకెమాన్లలో (నేరుగా దించగలిగేవి) ఒకదాన్ని ముందు పెడతారు. అది యాక్టివ్, అంటే ముందు నిలబడి కొట్లాడేది. దాని వెనక బెంచ్ మీద ఐదు దాకా పెట్టుకోవచ్చు. పక్కన ఆరు కార్డులు బోర్లా పెట్టాలి, అవి ప్రైజ్ కార్డులు. ఎదుటివాళ్ల పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా, అంటే దాని మీది దెబ్బలు దాని హెచ్‌పీని అందుకున్నప్పుడల్లా, మీ ప్రైజ్‌లోంచి మామూలుగా ఒకటి చేతిలోకి తీసుకుంటారు. ఆరూ ముందు ఎవరు తీసుకుంటే వాళ్లు గెలిచినట్టు. ఎదుటివాళ్ల దగ్గర నిలబెట్టడానికి పోకెమాన్ లేకపోయినా, వంతు మొదట్లో తీసుకోవడానికి కట్టలో కార్డు లేకపోయినా గెలుపే.

అటాక్ అంటే షో చెప్పడం

రమ్మీ ఆడినవాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. షో చెప్పాక ఇంకో ముక్క తీసుకుంటానంటే కుదురుతుందా? ఇక్కడా అంతే. అటాక్ చేయగానే మీ వంతు అయిపోయింది. ఇంకేం చేయాలన్నా అంతకు ముందే చేసుకోవాలి.

ఇది తెలిసి కూడా నేను తప్పాను. ఒకసారి ఎదుటివాడి బెంచ్ మీద దెబ్బలు తిన్న పోకెమాన్ ఒకటి కూర్చుని ఉంది. బాసెస్ ఆర్డర్స్ అనే కార్డు వేస్తే దాన్ని బలవంతంగా ముందుకు లాగొచ్చు. ఆ కార్డు నా చేతిలోనే ఉంది. ఉత్సాహంలో ముందున్నదాన్ని కొట్టేసి, గింజలు పెట్టేసి, అప్పుడు చేతిలో కార్డులు చూసుకున్నాను. ఆ ప్రైజ్ పోయింది, రెండు వంతుల తర్వాత ఆటా పోయింది.

కాబట్టి వంతు రాగానే ముందు కట్టలోంచి ఒక కార్డు తీసుకోండి. ఆ తర్వాత అటాక్ దాకా ఉన్న పనులు ఏ వరుసలోనైనా చేసుకోవచ్చు. బెంచ్ మీదికి కొత్త బేసిక్‌లను దించొచ్చు. పోకెమాన్‌ను పెద్దదిగా మార్చొచ్చు, అంటే ఎవాల్వ్ చేయొచ్చు. అయితే ఈ వంతులోనే దిగినదాన్ని మార్చడం కుదరదు, ఎవరి మొదటి వంతులో వాళ్లు అసలే మార్చకూడదు. ఎనర్జీ కార్డు ఒక వంతుకు ఒక్కటే తగిలించాలి. ట్రైనర్ కార్డుల్లో ఐటెమ్ రకానివి ఎన్నైనా వేయొచ్చు, సపోర్టర్ రకం మాత్రం ఒక్కటే. యాక్టివ్‌ను వెనక్కి పిలిచి బెంచ్ మీది ఇంకోదాన్ని ముందుకు తేవడం కూడా వంతుకు ఒక్కసారే.

ఆట మొదలుపెట్టినవాళ్లు వాళ్ల మొదటి వంతులో అటాక్ చేయకూడదు, సపోర్టర్ కూడా వేయకూడదు. రెండోవాళ్లకు ఆ అడ్డు లేదు. ఇది తెలియని పిల్లలు టాస్ గెలవగానే ఎగిరి గంతేసి నేనే ముందంటారు.

ఎనర్జీ టికెట్ కాదు, బస్ పాస్

కొత్తవాళ్లు అందరూ చేసే తప్పు ఒకటుంది. కార్డు మీద అటాక్ పేరుకు ఎడమ పక్కన చిన్న చిన్న గుండ్రటి గుర్తులు ఉంటాయి. నిప్పు, నీరు, మెరుపు, ఆకు లాంటివి. ఆ అటాక్‌కు ఎన్ని, ఏ రకం ఎనర్జీలు కావాలో అవి చెబుతాయి. తెల్లటి నక్షత్రం గుర్తు ఉంటే ఏ రకమైనా పనికొస్తుంది. మా అల్లుడు ప్రతి అటాక్ తర్వాత ఆ ఎనర్జీలన్నీ తీసి పక్కన పడేస్తున్నాడు. "కరెంట్ వాడినంక అయిపోదా మామా?" అని అడిగాడు.

అయిపోదు. అది బస్ పాస్ లాంటిది. కండక్టర్‌కు చూపిస్తారు, మళ్లీ జేబులో పెట్టుకుంటారు. అటాక్‌కు కావాల్సిన ఎనర్జీ తగిలించి ఉందా లేదా అన్నదే చూడాలి. అది అక్కడే ఉంటుంది, వచ్చే వంతుకూ పనికొస్తుంది. ఎనర్జీ తీసి పారేయమని అటాక్ కిందే రాసి ఉంటే అప్పుడు మాత్రం పారేయాలి. వెనక్కి రావడం మాత్రం టికెట్ కొన్నట్టే. కార్డు అడుగున రిట్రీట్ దగ్గర ఎన్ని గుర్తులుంటే అన్ని ఎనర్జీలు నిజంగానే వదులుకోవాలి. స్విచ్ అనే ఐటెమ్ కార్డు ఉంటే ఆ ఖర్చు లేకుండానే మార్చుకోవచ్చు, అందుకే అది ప్రతి కట్టలో ఉంటే మేలు.

దెబ్బ పడే వరుస

ఇప్పుడు అసలు అటాక్. ఈ వరుస తప్పితే లెక్కా తప్పుతుంది, గొడవా వస్తుంది.

1. మీ యాక్టివ్ కొట్టే స్థితిలో ఉందా చూడండి. నిద్రలో ఉన్నా, కాళ్లు చేతులు పడిపోయి (పారలైజ్ అయి) ఉన్నా అది కొట్టడం కుదరదు. కావాల్సిన ఎనర్జీ ఉందా లెక్కపెట్టండి. అటాక్ పేరు పైకి చెప్పండి. గొణగొద్దు, ఎదుటివాళ్లకు వినపడాలి.

2. అది కన్‌ఫ్యూజ్ అయి ఉంటే బిళ్ల ఎగరేయండి. బొరుసు పడితే అటాక్ జరగదు, పైగా దాని మీదే మూడు గింజలు పెట్టుకోవాలి. వంతు కూడా అయిపోతుంది.

3. అటాక్ పక్కన ఉన్న అంకె చూడండి. దాని పక్కన కూడిక గుర్తు ఉంటే కింద రాసిన షరతును బట్టి ఇంకా పెరగొచ్చని అర్థం. గుణకారం గుర్తు ఉంటే ఎన్ని బొమ్మలు పడ్డాయనో, ఎన్ని ఎనర్జీలు ఉన్నాయనో చూసి హెచ్చించాలి. మీ వైపు నుంచి దెబ్బను పెంచే కార్డులు ఏవైనా ఉంటే ఇక్కడే కలపండి.

4. ఎదుటి పోకెమాన్ కార్డు అడుగున వీక్‌నెస్ చూడండి. కొట్టే మీ పోకెమాన్ రకం (నిప్పు, నీరు లాంటిది) అక్కడ ఉంటే దెబ్బ రెండింతలు.

5. ఆ తర్వాత రెసిస్టెన్స్. మీ రకం అక్కడ ఉంటే 30 తగ్గించండి.

6. ఎదుటివాళ్ల వైపు దెబ్బను తగ్గించే కార్డులేమైనా ఉంటే తగ్గించి, మిగిలినదానికి పదికి ఒక గింజ చొప్పున పెట్టండి. అటాక్ కింద రాసిన మిగతా పనులు చేయండి.

నాలుగో మెట్టు కంటే మూడో మెట్టు ముందు ఎందుకంటే, 30 దెబ్బకు ముందే 10 కలిపితే 40, రెండింతలు చేస్తే 80. ముందు రెండింతలు చేసి తర్వాత 10 కలిపితే 70. ఒక్క గింజ తేడాతో బతికిపోయే పోకెమాన్లు చాలా ఉంటాయి. కార్డు మీద వీక్‌నెస్ తర్వాత కలపమని రాసి ఉంటే అప్పుడు కార్డు మాటే వినాలి.

వీక్‌నెస్, రెసిస్టెన్స్ ముందున్న యాక్టివ్‌కే. బెంచ్ మీద కూర్చున్నదాన్ని కొట్టే అటాక్‌లు కొన్ని ఉన్నాయి, వాటికి ఆ రెండూ లెక్కలోకి రావు.

ఇంకో మెలిక. డ్యామేజ్ చేయడం వేరు, డ్యామేజ్ కౌంటర్లు పెట్టడం వేరు. డ్రాగాపుల్ట్ ఈఎక్స్ కార్డులో ఫాంటమ్ డైవ్ అనే అటాక్ ముందున్నదానికి 200 డ్యామేజ్ చేసి, ఎదుటివాళ్ల బెంచ్ మీద ఆరు కౌంటర్లు మీ ఇష్టం వచ్చినట్టు పంచి పెట్టమంటుంది. ఆ ఆరూ నేరుగా గింజలే. వాటికి రెండింతలూ లేదు, తగ్గింపూ లేదు. 60 హెచ్‌పీ ఉన్న పిల్ల పోకెమాన్ మీద ఆరూ ఒక్కచోటే పెడితే అది బెంచ్ మీదే పడిపోతుంది.

మా అరుగు మీద జరిగిన కొట్లాట

నియమాలు ఎన్ని చెప్పినా ఒక ఆట చూస్తేనే బుర్రకెక్కుతుంది. అల్లుడి చేతిలో పాత బేస్ సెట్ (ఈ కార్డుల తొలి విడత) చారిజార్డ్ ఉంది. 120 హెచ్‌పీ, ఫైర్ స్పిన్ అనే అటాక్‌తో 100 దెబ్బ. నా దగ్గర స్క్విర్టిల్, 40 హెచ్‌పీ. చూడగానే నవ్వాడు. కానీ చారిజార్డ్ నేరుగా దిగదు. ముందు చార్మాండర్ దిగాలి, దాన్ని చార్మీలియన్‌గా మార్చాలి, ఆ తర్వాతే చారిజార్డ్. ఫైర్ స్పిన్‌కు ఎనర్జీలు నాలుగు కావాలి. వంతుకు ఒకటే తగిలించాలని ఇందాకే చెప్పాను.

అల్లుడు ముందు ఆడాడు. 50 హెచ్‌పీ చార్మాండర్‌ను ముందు పెట్టి, బెంచ్ మీద పికాచును కూర్చోబెట్టి, చార్మాండర్‌కు ఒక నిప్పు ఎనర్జీ తగిలించాడు. మొదటి వంతు కాబట్టి అటాక్ లేదు.

నేను స్క్విర్టిల్‌కు ఒక నీటి ఎనర్జీ పెట్టి బబుల్ కొట్టాను. దాని దెబ్బ 10. చార్మాండర్ వీక్‌నెస్ నీరు, కాబట్టి 20. రెండు గింజలు. బబుల్ కింద ఇంకో మాట ఉంది, బిళ్ల ఎగరేసి బొమ్మ పడితే ఎదుటిది పారలైజ్ అవుతుంది. బొమ్మే పడింది.

పారలైజ్ అయినది దాని తర్వాతి వంతులో కొట్టలేదు, వెనక్కి వెళ్లలేదు. వాడి వంతు వచ్చింది. చార్మీలియన్ చేతిలో ఉంటే దాన్ని పైన పెట్టేవాడు. ఎవాల్వ్ అయితే ఇలాంటి బాధలన్నీ వదిలిపోతాయి, గింజలు మాత్రం ఉంటాయి. చార్మీలియన్ రాలేదు. రెండో ఎనర్జీ పెట్టి ఊరుకున్నాడు.

నేను మళ్లీ బబుల్. నాలుగు గింజలు. ఈసారి బొరుసు.

వాడి మూడో వంతు. మూడో ఎనర్జీ తగిలించి ఎంబర్ కొట్టాడు. 30 దెబ్బ, ఒక నిప్పు ఎనర్జీ పారేయమని కార్డు మీదే ఉంది కాబట్టి పారేశాడు. నా స్క్విర్టిల్‌కు ఇక పదే మిగిలింది. పికాచు వైపు చూసి నవ్వాడు, అప్పుడే పసిగట్టాల్సింది.

నేను మూడో బబుల్ కొట్టాను. ఆరు గింజలు, అంటే 60. చార్మాండర్ హెచ్‌పీ 50. పడిపోయింది. దానికి తగిలించిన ఎనర్జీలతో సహా పారేసిన కుప్పలోకి వెళ్లింది, నేను ఒక ప్రైజ్ తీసుకున్నాను. "చారిజార్డ్ చేతిలనే ఉండె మామా!" అని కార్డు తిప్పి చూపించాడు. మూడు వంతుల నుంచి పట్టుకుని కూర్చున్నాడట.

అయితే వాడు పికాచును ముందుకు తెచ్చాడు. దానికి ఒక నిప్పు ఎనర్జీ తగిలించాడు. మెరుపు పోకెమాన్‌కు నిప్పెందుకురా అన్నాను. "దీని 'నా' (Gnaw) అటాక్‌ల తెల్ల సుక్క ఉంది చూడు," అన్నాడు. నిజమే, 'నా' అనే ఆ అటాక్‌కు ఏ ఎనర్జీ అయినా ఒకటి చాలు. దెబ్బ 10. స్క్విర్టిల్ వీక్‌నెస్ మెరుపు. ఎనర్జీ ఏ రకమన్నది కాదు, కొట్టే పోకెమాన్ ఏ రకమన్నదే వీక్‌నెస్‌కు లెక్క. కాబట్టి 20. నా స్క్విర్టిల్‌కు ఉన్నది పది. పోయింది.

అరగంట కింద హెచ్‌పీ తప్ప ఏమీ చదవని పిల్లాడు.

ఐదు బాధలు

అటాక్‌తో అంటించే బాధలు ఐదు. నిద్ర, పారలైజ్, కన్‌ఫ్యూజ్ ఈ మూడింటికీ కార్డునే తిప్పి పెడతారు. నిద్రకు ఎడమవైపు, పారలైజ్‌కు కుడివైపు, కన్‌ఫ్యూజ్‌కు తలకిందులు. తిప్పడమే గుర్తు కాబట్టి ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కటే ఉంటుంది, కొత్తది వస్తే పాతది పోతుంది. విషం, కాలడం వీటికి కార్డు మీద ఏదైనా గుర్తు పెట్టుకోవాలి. ఇవి మిగతావాటితో కలిసి ఉండొచ్చు.

ప్రతి వంతు అయిపోయాక, రెండో మనిషి కార్డు తీసుకోకముందు, ఒక చెకప్ ఉంటుంది. విషం ఎక్కినదానికి ఒక గింజ. కాలినదానికి రెండు గింజలు, ఆ తర్వాత బిళ్ల, బొమ్మ పడితే మంట ఆరుతుంది. నిద్రపోయినదానికి బిళ్ల, బొమ్మ పడితే లేస్తుంది. చెకప్‌లో పడిపోయినా ఎదుటివాళ్లకు ప్రైజ్ వస్తుంది. ఈ చెకప్‌ను పిల్లలు మర్చిపోతారు, ముఖ్యంగా వాళ్ల పోకెమాన్‌కే విషం ఎక్కినప్పుడు.

బెంచ్ మీదికి వెళితే ఐదూ వదిలిపోతాయి. గింజలు వదలవు.

330 హెచ్‌పీ ధర

మళ్లీ మొదటి రోజు మూడొందల ముప్పై దగ్గరికి వద్దాం. అది చారిజార్డ్ ఈఎక్స్. ఇలా పేరు చివర ఈఎక్స్ అని ఉన్నదాన్ని పడగొడితే సాధారణంగా ఒకటి కాదు, రెండు ప్రైజ్ కార్డులు వస్తాయి. అంటే మూడు ఈఎక్స్‌లు పోతే ఆట పోయినట్టే. మామూలు పోకెమాన్లయితే ఆరు పోవాలి. మీ ఈఎక్స్ ఒకటి పడిందంటే, ఎదుటివాళ్ల మామూలువి రెండు పడగొడితేనే సరిసమానం.

అందుకే కొట్టేముందు ఇలా లెక్కపెట్టుకోండి. నేను దీన్ని ఎన్ని దెబ్బల్లో పడగొడతాను? అది నన్ను ఎన్ని దెబ్బల్లో పడగొడుతుంది? పోతే నేను ఎన్ని ప్రైజ్‌లు ఇస్తాను? ఒక్కోసారి కొట్టే దానికంటే, గింజలతో నిండిన ఈఎక్స్‌ను వెనక్కి తెచ్చి, ఒక్క ప్రైజే ఇచ్చే చిన్న బేసిక్‌ను బలికి ముందు పెట్టడం తెలివైన పని. ఎదుటివాడు దాన్ని కొట్టి ఒకటి తీసుకునే లోపు మీకు ఒక వంతు దొరుకుతుంది, ఇంకో ఎనర్జీ తగిలించుకోవచ్చు.

ఆ చారిజార్డ్ ఈఎక్స్‌తోనే ఒక మెలిక ఉంది. దాని బర్నింగ్ డార్క్‌నెస్ మామూలుగా 180 కొడుతుంది. ఎదుటివాళ్లు తీసుకున్న ఒక్కో ప్రైజ్‌కు 30 చొప్పున పెరుగుతుంది. మీరు నాలుగు ప్రైజ్‌లు తీసుకుని ఇంక రెండే ఉన్నాయని కులుకుతున్నప్పుడు అది 300 కొడుతుంది. దాని మీద ఆడేటప్పుడు చిన్నవాటిని పడగొడుతూ ఒక్కో ప్రైజ్ ఏరుకోవడం కంటే, ఒకేసారి రెండేసి తీసుకుని ఆట ముగించేలా చూసుకోండి. చారిజార్డ్ కదా అని నీళ్లు పట్టుకుని దాని మీదికి వెళ్లకండి. ఆబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్‌లో వచ్చిన ఈ కార్డు చీకటి రకం, వీక్‌నెస్ ఆకు. బొమ్మ చూసి కాదు, అడుగున గుర్తు చూసి కొట్టాలి.

ఫోన్‌లో ఆడి వచ్చినవాళ్లతో

2024 అక్టోబరులో వచ్చిన పోకెమాన్ టీసీజీ పాకెట్ అనే ఫోన్ ఆట ఆడి బల్ల దగ్గరికి వచ్చేవాళ్లతో ముందే మాట్లాడుకోండి. అందులో కట్ట 20 కార్డులే, బెంచ్ మీద మూడే. వీక్‌నెస్ రెండింతలు కాదు, 20 కలపడమే. రెసిస్టెన్స్ అసలు లేదు. ప్రైజ్ కార్డుల బదులు మూడు పాయింట్లు వస్తే గెలుపు. ఎనర్జీ కట్టలో ఉండదు, దానంతటదే వస్తుంది. పక్కింటి ఇంటర్ పిల్లాడు వచ్చి మా అల్లుడితో కూర్చున్నాడు. మెరుపు పోకెమాన్‌తో 30 కొట్టి, వీక్‌నెస్‌కు ఇరవై కలిపి ఐదు గింజలు పెట్టబోయాడు.

"ఆరు పెట్టన్నా," అన్నాడు అల్లుడు, చింతగింజల డబ్బా వాడి ముందుకు జరిపి. ఆ దెబ్బ పడేది అల్లుడి సొంత పోకెమాన్ మీదే.